వంద ఎంబీపీఎస్ సంసారం

టొరెంట్ అన్న మాట నోట్లోంచి రాగానే ఎదుటివాళ్ళ మొహంలో ఒక కొంటె నవ్వు మొలుస్తుంది. "ఏ సినిమా బావా?" అన్నాడు మా బావమరిది. డెబియన్ అన్నాను. "మలయాళమా?" అన్నాడు.

ముసలి లాప్‌టాప్ ఒకటి మూలుగుతూ ఉంటే, దానికి లినక్స్ ఎక్కించి ఇంకో నాలుగేళ్ళు నడిపిద్దామని నా ఆశ. డెబియన్ వాళ్ళు తమ డీవీడీ ఇమేజిలకి టొరెంట్లు వాళ్ళ సైట్లోనే పెడతారు. 2001లో బ్రామ్ కోహెన్ అనే ఆయన బిట్‌టొరెంట్ తయారుచేసిందే ఇలాంటి పనికి. పెద్ద ఫైలు కోసం జనమంతా ఒక్క సర్వరు మీద పడకుండా, దించుకునేవాళ్ళే తమకొచ్చిన ముక్కలు పక్కవాళ్ళకి ఇచ్చుకుంటారు. అంత మర్యాదస్తుల ఏర్పాటుని మనవాళ్ళు విడుదల రోజు సినిమాలకి వాడి వాడి, నాలాంటివాడు సొంతింట్లో దొంగచూపులు చూసే స్థితికి తెచ్చారు.

సరే, స్పీడు సంగతి. మాది వంద ఎంబీపీఎస్ కనెక్షను. ఫైలు నాలుగు జీబీ. వస్తున్నది సెకనుకి రెండొందల కేబీ. అంటే ఐదున్నర గంటలు, అదీ మా రాజమండ్రిలో ఈలోగా కరెంటు పోకపోతే.

కేబుల్ అబ్బాయిని పిలిచాను. రౌటరుకి ఆనుకుని నిలబడి తన ఫోన్లో స్పీడ్ టెస్ట్ కొట్టాడు. "చూడండి సార్, తొంభై ఆరు వస్తందండి. మన లైను కరెక్టేనండి." ఆ టెస్టు సర్వరు చాలాసార్లు ప్రొవైడరు నెట్‌వర్కులోనో, దాని పక్కనో ఉంటుంది. అక్కణ్ణుంచి వంద రావడంలో వింతేముంది? నాకు ముక్కలిచ్చేవాడు బ్రెజిల్లో ఉన్నాడో ఫిన్లాండులో ఉన్నాడో దానికేం తెలుసు? "మరి టొరెంట్ సంగతి?" అన్నాను. "అది మన ప్యాకేజీలోది కాదు కదండీ" అన్నాడు.

బావమరిది రంగంలోకి దిగాడు. "కనెక్షను బిట్లలో అమ్ముతారు బావా, టొరెంట్ బైట్లలో చూపిస్తుంది. వందని ఎనిమిదితో భాగించు." భాగించాను, పన్నెండున్నర ఎంబీ వచ్చింది. రావలసింది పన్నెండున్నర అయితే పాయింటు రెండు ఎందుకొస్తోందని అడిగేలోపు అతను టీ తాగేసి చెప్పులు వేసుకుంటున్నాడు.

తర్వాత వైఫై మీద పడ్డాను. అపార్టుమెంటులో అందరి రౌటర్లూ 2.4 గిగాహెర్ట్జ్ మీదే అరుస్తుంటాయి. అందులో ఒకదాని మీద ఒకటి పడని ఛానెళ్ళు మూడే: 1, 6, 11. మైక్రోవేవ్ పొయ్యి కూడా సరిగ్గా ఆ చుట్టుపక్కలే రొద చేస్తుంది. ఈ సంగతి మా ఆవిడకి శాస్త్రీయంగా వివరించి, కాసేపు దాన్ని వాడొద్దన్నాను. "అలాగేనండి, పప్పు చల్లగానే తినండి" అంది. పొయ్యి జోలికి మళ్ళీ పోలేదు. హాల్లోంచి పడకగదికి లాన్ వైరు లాగాను. అందరూ దాన్ని తన్నుకుంటూ తిరిగారు తప్ప టొరెంట్ మాత్రం రెండొందల దగ్గరే కూర్చుంది.

అసలు కిటుకు సెట్టింగుల్లో దొరికింది. అప్‌లోడ్ పరిమితి ఒక కేబీ! "మన నెట్టు ముక్కూ మొహం తెలీనివాడికి ఎందుకివ్వాలి?" అని బావమరిది ఎప్పుడో బిగించిపెట్టాడట. మనింటి పెళ్ళికి ఎవరెంత చదివించారో పుస్తకంలో చూసుకుని వాళ్ళింటి పెళ్ళికి మనమూ అంతే చదివిస్తాం చూశారా, బిట్‌టొరెంట్‌ది అచ్చంగా అదే లెక్క. పది సెకన్లకోసారి పుస్తకం తీసి, తనకి బాగా ఇస్తున్నవాళ్ళకే తానూ ఇస్తుంది. ముప్ఫై సెకన్లకోసారి మాత్రం ఎవరో ఒక అనామకుడికి అవకాశమిస్తుంది. పూర్తి ఫైలున్న సీడర్లు ఈ లెక్కలు చూడరు, ఊరికే ఇస్తారు. డెబియన్‌కి సీడర్లు దండిగా ఉంటారు కాబట్టే మాకు ఆ రెండొందలైనా రాలింది.

పరిమితి ఎత్తేశాను. స్పీడు నాలుగు ఎంబీకి ఎగిరింది. అదే క్షణంలో హాల్లోంచి కేక. డాలస్‌లో ఉన్న మా అమ్మాయి వీడియో కాల్లో నోరు తెరిచి అలాగే ఆగిపోయిందట. "ఏమండీ, మళ్ళీ ఏం కెలికారు?"

మా ప్లానులో కిందికి వంద, పైకి పదే. ఆ పదినీ టొరెంట్ మింగేసింది. మనం ఏదైనా దించుకునేటప్పుడు, అందింది అందింది అని అవతలికి చిన్న చిన్న రసీదులు పంపుతూ ఉండాలి. పైకి వెళ్ళే దారి నిండిపోతే ఆ రసీదులు క్యూలో ఇరుక్కుంటాయి. రసీదు రానిదే అవతలివాడు సరుకు పంపడు. అప్‌లోడ్ మరీ బిగిస్తే నాకు రాదు, మరీ వదిలేస్తే ఇంట్లో ఎవరికీ రాదు. పైకున్న దాంట్లో ఎనభై శాతం దగ్గర కట్టడి చేయాలి. పది ఎంబీపీఎస్ అంటే పన్నెండొందల యాభై కేబీ. వెయ్యి దగ్గర ఆపాను. డాలస్‌లో నోరు మూతపడింది.

ఇంకా పెంచుదామని పోర్టు తెరవబోతే అడ్డు తగిలింది. రౌటరు అడ్రసు 100.64తో మొదలైంది. ఐపీవీ4 అడ్రసులు మొత్తం 430 కోట్ల లోపే. అవి చాలక ప్రొవైడర్లు బోలెడు ఇళ్ళని ఒకే అడ్రసు వెనక సర్దుతారు. మనం బయటివాళ్ళ దగ్గరికి వెళ్ళగలం కాని, వాళ్ళు మన తలుపు తట్టలేరు. కేబుల్ అబ్బాయిని అడిగితే పబ్లిక్ ఐపీకి నెలకి ఎగస్ట్రా అన్నాడు. పోనీ ఐపీవీ6 ఉందా అన్నాను. "మన ఏరియాకి ఇంకా నాలుగేనండి. అందరూ సర్దుకుంటన్నారండి."

డెబియన్ దిగింది. నా ఖ్యాతి పై ఫ్లాటుకి పాకి, రిటైరైన మాస్టారు హరికథల రికార్డింగుల టొరెంట్ ఒకటి పట్టుకొచ్చారు. అది 99.3 శాతం దగ్గర నిలబడిపోయింది. దించుకుంటున్న వాళ్ళందరూ అక్కడే నిలబడి ఉన్నారు. ఆ చివరి ముక్క ఉన్న ఒక్క సీడరూ కంప్యూటరు కట్టేసి వెళ్ళిపోయాడు. దీనికి నా దగ్గర సెట్టింగు లేదని మాస్టారికి చెప్పాను.

"ఆయన ఫోన్ నంబరు ఉందా?"

"లేదండి, ఐపీ అడ్రసే కనిపించేది."

"అడ్రసుందా! మరి చెప్పరేం? ఒక కార్డు ముక్క రాసి పడేద్దాం. ఏ ఊరు?"