కత్తిరించి పారేసిన నిమిషం

భాష నేర్పడానికి పిల్లలచేత సినిమాలు తీయించడమేమిటని నేను అనను. తీయించండి. తీరా తీశాక అందులో పిల్లల భాష ఎంత మిగిలిందన్నదే నా గోల.

మా రోజుల్లో జర్మన్ అంటే ఉస్మానియా పక్కనున్న సీఫెల్. 1958లో ఇంగ్లిష్ కోసమని పెట్టిన సంస్థ అది. 1972లో విదేశీ భాషల్నీ కలుపుకుని ఆ పేరు తెచ్చుకుంది. ఇప్పటివాళ్లకు ఇఫ్లూ అంటేనే తెలుస్తుంది. అక్కడి లాంగ్వేజ్ ల్యాబులో హెడ్‌ఫోన్లు తగిలించుకుని, టేపులోని గొంతు ఒక వాక్యం చెబితే అదే వాక్యం తిరిగి అప్పజెప్పేవాళ్లం. పుస్తకం షుల్జ్, గ్రీస్‌బాఖ్ కలిసి రాసింది, 1955 నాటిది. ప్రతి నామవాచకాన్నీ దాని లింగంతో సహా బట్టీ పట్టాల్సిందే. బల్ల పుంలింగం, దీపం స్త్రీలింగం, అమ్మాయేమో నపుంసకం! ఎందుకండీ అంటే మాస్టారు "అంతే, రాసుకో" అనేవారు. రాసుకున్నాం. ఇప్పటికీ పోలేదు.

స్టుట్‌గార్ట్ దగ్గర ఒక ఊళ్లో నాకో పెన్‌ఫ్రెండు ఉండేవాడు. నేను జర్మన్‌లో రాసేవాణ్ణి, అతను ఇంగ్లిష్‌లో. నా ఉత్తరాన్ని ఎర్ర ఇంకుతో దిద్ది, తన జవాబుతోపాటు అదే కవరులో తిప్పి పంపేవాడు. అతని ఇంగ్లిష్ నేను దిద్ది పంపేవాణ్ణి. ఆ ఎర్ర గీతలొచ్చేదాకా వారాల తరబడి పోస్టుమాన్ కోసం చూడటమే. అంత ఎదురుచూసి అందుకున్న దిద్దుబాటును మళ్లీ తప్పు రాయడానికి చెయ్యి వచ్చేదా? అయితే ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ కుర్రవాడి గొంతు ఎలా ఉంటుందో నాకెప్పుడూ తెలియదు. నేటి పిల్లలకు ఆ భాగ్యం ఉంది. ఉన్నందుకే నా బాధంతా.

జర్మనీ విదేశాంగ శాఖ 2008లో పాష్ అనే కార్యక్రమం పెట్టి, ప్రపంచమంతటా దాదాపు 2,000 స్కూళ్లను జర్మన్ భాషతో ముడివేసింది. ఆ జాబితాలో లేని స్కూళ్లు కూడా ఇప్పుడు సొంతంగా ఒక జర్మన్ స్కూలును జత కుదుర్చుకుంటున్నాయి. ఇటు పిల్లలు, అటు పిల్లలు కలిసి వీడియో తీస్తారు, పాడ్‌కాస్ట్ చేస్తారు, ఫొటోలతో కథ అల్లుతారు. మా మనవరాలు ఎనిమిదో తరగతిలో అలాంటి ప్రాజెక్టు చేసింది. విషయం: ఇంట్లో చెత్త ఎక్కడికి పోతుంది? మంచి విషయం. జర్మనీ పిల్లలు కాగితాలకు నీలం డబ్బా, ప్యాకింగులకు పసుపు డబ్బా, తొక్కలూ మిగుళ్లకు గోధుమరంగు డబ్బా చూపించారు. ఖాళీ ప్లాస్టిక్ సీసా కొట్లో తిరిగి ఇస్తే 25 సెంట్లు వెనక్కొస్తాయని చెప్పారు. మనవాళ్లు పాత పేపర్లు కొనే మనిషిని వీడియో తీసి పంపారు.

ఒక శనివారం మధ్యాహ్నం రెండున్నరకి, అంటే వాళ్లకి పొద్దున పదింటికి, మా మనవరాలు డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని అటువైపు కుర్రాడితో మాట్లాడుతోంది. అంతా ఇంగ్లిష్‌లోనే నడుస్తోంది. ఉన్నట్టుండి ఆ అబ్బాయి, "వారుమ్ నిమ్ట్ ఎర్ డీ ఆల్టెన్ త్సైటుంగెన్?" అన్నాడు. ఆయన పాత పేపర్లు ఎందుకు తీసుకుంటాడు అని. కాగితం మీద రాసిపెట్టుకోని ప్రశ్న. పిల్ల బిక్కమొహం వేసింది. కాసేపాగి, "ఎర్ నిమ్ట్ దస్ త్సైటుంగ్, వైల్ ఎర్ ఎస్ ఫెర్‌కౌఫ్ట్" అంది. అమ్ముకుంటాడు కాబట్టి తీసుకుంటాడు అని.

స్త్రీలింగమైన పేపరును నపుంసకం చేసేసింది. కానీ "వైల్" తర్వాత క్రియను వాక్యం చివర ఎంత పద్ధతిగా పెట్టిందో చూడండి! ఇంగ్లిష్ అలవాటైన నోటికి అక్కడే తడబాటు. మనకు తెలుగులో క్రియ చివరికి రావడం పుట్టుకతో వచ్చిన అలవాటు. తర్వాత తూకం సంగతి చెప్పాలనుకుంది, మాట తెలీదు. రెండు చేతులూ తక్కెడలా పైకీ కిందికీ ఆడిస్తూ "ఐన్ కీలో, ఐన్ కీలో" అంది. ఆ కుర్రాడు నవ్వి "వీగ్ట్ ఎర్?" అని మాట అందించాడు. "యా! ఎర్ వీగ్ట్!" అని కుర్చీలోంచి లేచింది మా పిల్ల. తూచడం అనే ఆ క్రియను ఇక జన్మలో మరిచిపోదు.

స్కూలు వార్షికోత్సవంలో సినిమా వేశారు. నాలుగు నిమిషాలు. వెనక సంగీతం, మధ్యమధ్య ఎగిరే అక్షరాలు, టీచరు రాసిచ్చిన వాక్యాలు పిల్లలు గుక్క తిప్పుకోకుండా చదివేశారు. ఒక్క తప్పు లేదు. తక్కెడ ముక్క కూడా లేదు.

"అదేమైందే?" అన్నాను.

"టీచర్ తీసేయమన్నారు తాతయ్యా. తప్పులున్నాయి కదా, అక్కడివాళ్లు చూస్తారు."

అక్కడివాడే కదమ్మా ఆ తప్పు విని, పట్టించుకోకుండా, మాట అందించింది! నెలల తరబడి సాగిన ప్రాజెక్టు మొత్తంలో ఆ పిల్ల సొంతంగా మాట్లాడిన జర్మన్ ఆ ఒక్క నిమిషమే. మిగతా టైమంతా ఏ పాటకు ఏ షాటు అతకాలని ఎడిటింగ్ యాప్ ముందు కూర్చోవడానికే పోయింది.

పైగా ఇలా రెండు బడుల పిల్లల్ని జతచేయడం నిన్నమొన్న కనిపెట్టిన పద్ధతన్నట్టు చెబుతారు. ఫ్రాన్స్ దక్షిణాన ఒక కొండపల్లెలో సెలెస్తాం ఫ్రేనే అనే బడిపంతులు 1920లలోనే తరగతి గదిలోకి చిన్న అచ్చుయంత్రం తెచ్చాడు. పిల్లలు తమ ఊరి సంగతులు తామే రాసి, తామే అక్షరాలు పేర్చి అచ్చువేసి, ఆ దేశానికి మరో చివరనున్న బ్రిటనీలోని బడికి పంపేవాళ్లు. అటునుంచి ఆ పిల్లలవి వచ్చేవి. ఫ్రేనే కూడా తప్పులు దిద్దించాడు. కానీ తరగతంతా కలిసి కూర్చుని, రాసిన పిల్లవాణ్ణి పక్కన పెట్టుకుని దిద్దించాడు. దిద్దడం వేరు, కోసి పారేయడం వేరు.

ఇంగ్లిష్ బెడదకు కూడా మందు లేకపోలేదు. జర్మనీలోనే బోఖుమ్ విశ్వవిద్యాలయం 1990లలో టాండెమ్ అని ఈమెయిల్ జతలు కుదిర్చింది. సగం నీ భాషలో, సగం నా భాషలో, ఒకరి తప్పులు ఒకరు దిద్దాలి. నేనూ నా పెన్‌ఫ్రెండూ చేసింది అదే. పదిహేను నిమిషాలు జర్మన్, పదిహేను నిమిషాలు ఇంగ్లిష్ అని గడియారం పెట్టి కూర్చోబెట్టడానికి స్కూలుకు పైసా ఖర్చు లేదు.

ఇక క్యాలెండర్. మనకు మార్చిలో పరీక్షలు, తర్వాత ఎండాకాలం సెలవులు. మనం జూన్‌లో బడి తెరిచి కుదురుకునేసరికి వాళ్లకు వేసవి సెలవులు. బవేరియాలాంటి చోట సెప్టెంబరు సగం దాకా. మార్చి ఆఖరి ఆదివారం వాళ్లు గడియారం ముందుకు జరుపుకుంటే నాలుగున్నర గంటల తేడా మూడున్నర అవుతుంది, కుదుర్చుకున్న వేళలన్నీ మళ్లీ మార్చుకోవాలి. కలిసి పనిచేయడానికి దొరికేది నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే. ఆ కాస్తా హంగులకే తగలేస్తే పిల్లలు మాట్లాడేదెప్పుడు?

ఈ ఏడూ ప్రాజెక్టు ఉందట, నీళ్ల మీద. వచ్చే పేరెంట్స్ మీటింగుకు అమ్మానాన్నల బదులు నేనే వెళ్తానని చెప్పాను. టీచరుగారిని అడగదలచింది ముందే కాగితం మీద రాసుకున్నాను: కాల్ మొత్తం రికార్డు చేయించండి, కోయకుండా క్లాసులో వేయండి, తడబడ్డ చోట ఆపి పిల్లలచేతే దిద్దించండి. సినిమా ఆ తర్వాత తీరిగ్గా తీసుకోవచ్చు. మార్కులు మాత్రం ఆ కాల్‌కు వేయండి.