టేపు సూత్రం: టీకా, తాత్పర్యం

మూలం:

టేపు తీసి, టేపు పెట్టి, టేపు చుట్టేయ్.

అవతారిక: పాత కారులో కంపెనీవారు బిగించిన స్టీరియోను మార్చే విధానమంతటినీ అమలాపురపు సూత్రకారుడు ఆరు మాటల్లో ఇమిడ్చాడు. వాటిలో మూడు ఒకటే మాట కావడంతో పని సులువని భ్రమపడి, కొబ్బరిచెట్టు నీడన బండి నిలిపి స్క్రూడ్రైవరు చేతబట్టేవారి కోసం ఈ వ్యాఖ్య అవసరమైంది.

ప్రతిపదార్థం: టేపు = బండిలోని పాత స్టీరియోను; తీసి = తీగలు తెగకుండా వెలికి లాగి; టేపు = కొత్త టచ్ స్క్రీన్ సెట్టును; పెట్టి = ఆ ఖాళీలో అమర్చి; టేపు = నల్లని ఇన్సులేషన్ టేపును; చుట్టేయ్ = అతుకుల మీద చుట్టివేయుము. చివరి 'ఏయ్' పిలుపు కాదు, 'వేయ్' అనుదానికి వాడుక రూపము.

విశేషాలు: ఫిలిప్స్ సంస్థ 1963లో తెచ్చిన క్యాసెట్టులోని నాడాకు చెందిన ఈ పేరు, నాడా పోయి సీడీ వచ్చినా, సీడీ పోయి బ్లూటూత్ వచ్చినా, పెట్టెను వదలలేదు. పదం తన అసలు అర్థాన్ని పూర్తిగా విడిచి సంబంధమున్న మరో అర్థాన్ని చెప్పడాన్ని శాస్త్రకారులు జహల్లక్షణ అంటారు. దానికి వారిచ్చే ఉదాహరణ 'గంగలో గొల్లపల్లె', అనగా గంగ ఒడ్డున ఉన్న పల్లె అని. లంక గ్రామాల్లో ఇళ్లు నిజంగానే గోదావరి నడుమ ఉంటాయి గనుక కోనసీమ విద్యార్థికి ఆ ఉదాహరణ పనికిరాదు, టేపే మేలు. మొదటి రెండు టేపులకు అర్థమొకటే అయినా ఒకటి పోయేది, ఒకటి వచ్చేది గనుక లాటానుప్రాసం. మూడోదాని అర్థమే వేరు గనుక యమకం.

1983 డిసెంబరులో మొదలై 2014 జనవరిలో ఉత్పత్తి ఆగిన మారుతి 800లో చవక రకాలు స్టీరియో లేకుండానే వచ్చేవి కదా, లేని టేపును తీయడమెలా అని పూర్వపక్షం. మొదటి యజమాని పెట్టించినదే రెండో యజమానికి కంపెనీ టేపు అని సమాధానం.

'తీసి' అనే క్త్వార్థకం, అంటే ముందు జరిగే పనిని చెప్పే క్రియారూపం, తనకన్నా ముందరి పనిని దాచింది: పది నంబరు స్పానరుతో బ్యాటరీ నెగటివ్ తీగ విప్పడం. దీన్ని అధ్యాహారంగా, అంటే మూలంలో లేకున్నా అర్థం కోసం తెచ్చుకునే మాటగా గ్రహించాలి. గ్రహించనివారి ఫ్యూజు గ్రహిస్తుంది.

'పెట్టి' అన్నచోట కొలత ముఖ్యం. జర్మనీ ప్రమాణసంస్థ పేరు మీద డిన్ అని పిలిచే అర 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 ఎత్తు. డబుల్ డిన్ ఎత్తు 100. డ్యాష్‌బోర్డుతో కలిసిపోయిన స్టీరియో అయితే ఆ మోడలుకు తగిన ఫ్రేము కొనాలి.

ఇక తీగలు. బజారు సెట్లలో పసుపు తీగ బండి ఆపినా కరెంటు ఆగనిది, గడియారాన్నీ స్టేషన్ల జ్ఞాపకాన్నీ కాపాడేది. ఎరుపు తాళం తిప్పితేనే మేల్కొనేది. నలుపు ఎర్త్, అంటే కరెంటు బండి ఇనుపకాయం గుండా బ్యాటరీకి మరలే దారి. బండి లోపలి తీగల రంగులు మాత్రం తయారీదారు ఇష్టం. కనుక సెట్టు పసుపును బండి పసుపుతో కలపడం ఇంటిపేరొక్కటైనందుకే వియ్యమందడం వంటిది. ఇక్కడ ప్రత్యక్షప్రమాణం టెస్టు ల్యాంపు, అంటే ఒక కొన ఎర్త్‌కు తగిలించి రెండో కొనతో తీగను ముట్టుకుంటే కరెంటున్నచోట వెలిగే చిన్న బల్బు. దీనికోసం బ్యాటరీని కాసేపు మళ్లీ కలపక తప్పదు. పసుపును తాళం తీగకు కలిపితే సెట్టు రోజూ మతిమరుపుతో నిద్రలేస్తుంది. ఎరుపును ఆగని తీగకు కలిపితే తాళం తీసినా సెట్టు నిద్రపోదు. అటువంటి బండి షెడ్డులో నాలుగు రోజులుంటే, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి బయలుదేరే వేళ తోసేవారిని వెతుక్కోవాలి.

మూడో టేపు దగ్గర సూత్రకారునితో ఏకీభవించడం కష్టం. ఎండలో డ్యాష్‌బోర్డు వెనుక జిగురు కరిగి చుట్టు జారుతుంది; సముద్రపు ఉప్పుగాలి తగిలే అంతర్వేది, ఓడలరేవుల వైపు మెలిపెట్టిన రాగి పచ్చగా చిలుము పడుతుంది. అప్పుడు ఒక స్పీకరు మూగబోతుంది. ఎర్త్ అతుకు వదులైతే ఇంజను వేగంతో పాటు పెరిగే కూత పాటకు శ్రుతి అవుతుంది. అందువల్ల 'టేపు తీసి, టేపు పెట్టి, కప్లరు గుచ్చేయ్' అనే రాజోలు పాఠాంతరమే గ్రాహ్యం. తీగలను కోయకుండా రెండు వైపులనూ కలిపే ప్లాస్టిక్ గుత్తి కప్లరు. యమకం పోతుంది, బండి తీగలు మిగులుతాయి.

తాత్పర్యం: మూలంలో ఉన్నదే.

తీసిన టేపు గతి మూలం చెప్పలేదు. దాన్ని సంచిలో చుట్టి అటక మీద పెట్టడం ఆచారం. బండి అమ్మే రోజున సూత్రంలో ఒక్క అక్షరం మార్చనక్కరలేకుండా మళ్లీ అన్వయించుకోవచ్చు.