ఎగిరింది ఏదని కాదు, కింద ఉన్నది ఎవరిదని

డ్రోన్ ఎగరేయడం మన దగ్గర మహా సులువు. బ్యాటరీ తగిలించాలి, రెక్కలు విప్పాలి, రిమోట్ మీద వేళ్లు కదపాలి. అసలు కష్టం అది పైకి లేచి, దాని కన్ను ఎటు తిరిగిందో తెలిశాక మొదలవుతుంది. ఆ కన్ను వరి మడి మీద పడితే వ్యవసాయ విప్లవం. పెళ్లి పందిరి మీద పడితే కళాపోషణ. ఎన్నికల సభ మీద పడితే జనసంద్రం. వాగులో ఇసుక లారీల మీద పడిందనుకోండి, అదే డ్రోను, అదే పిలగాడు, అదే ఎత్తు, కానీ శాంతిభద్రతల సమస్య.

పాపం, చట్టానికి ఇంత లోకజ్ఞానం లేదు. డ్రోన్ విషయంలో అది మొదట భయపడింది, తరవాత తూకం వేసింది. 2014 అక్టోబరులో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఒక నోటీసు ఇచ్చి, మామూలు మనుషులెవరూ డ్రోన్లు ఎగరేయొద్దని ఆపేసింది. నాలుగేళ్లు ఆలోచించి 2018 డిసెంబరు నుంచి షరతులతో సరే అంది. 2021 మార్చిలో నిబంధనల పుస్తకం తెస్తే అందులో ఫారాలే 25, ఫీజులు 72 రకాలు. డ్రోన్ కంటే దాని ఫైలు బరువైపోయిందని అందరూ మొత్తుకున్నాక, ఆ ఏడాది ఆగస్టు 25న కొత్త డ్రోన్ రూల్స్ వచ్చాయి. ఫారాలు 5కి, ఫీజులు 4కి దిగాయి. తన ఫారాలను తానే చించేసుకున్న సర్కారును చూసే భాగ్యం ఎప్పుడో గానీ దొరకదు. చూసినవాళ్లు అదృష్టవంతులు.

ఆ రూల్స్‌లో డ్రోన్లను కిరాణా కొట్టు త్రాసులో వేసినట్టు జోకారు. పావుకిలో లోపుంటే నానో. రెండు కిలోల దాకా మైక్రో, 25 దాకా స్మాల్, 150 దాకా మీడియం, ఆపైన లార్జ్. నానోకు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. మైక్రోను సరదాకు ఎగరేసినా అక్కర్లేదు, దాంతో పైసలు సంపాదిస్తే మాత్రం కావాలి. పైలట్‌కు 18 నుంచి 65 ఏళ్ల మధ్య వయసు, పదో తరగతి పాసు, డీజీసీఏ గుర్తించిన చోట శిక్షణ ఉండాలి. సర్టిఫికెట్ ఫీజు 100 రూపాయలు, పదేళ్లు పనిచేస్తుంది. శిక్షణ ఫీజు మాత్రం వందల్లో ఉండదు. దానికోసం బర్రెను అమ్మాలా, బాకీ తేవాలా అన్నది ఇంట్లో తేల్చుకోవాల్సిన సంగతి.

ఇక ఆకాశానికి మూడు రంగులు వేశారు. ఆకుపచ్చలో 400 అడుగుల దాకా ఎవరినీ అడగక్కర్లేదు. విమానాశ్రయం ప్రహరీ నుంచి 12 కిలోమీటర్ల లోపు పసుపు జాగ్రత్తలు మొదలవుతాయి. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్యన మాత్రం 200 అడుగుల దాకా వదిలేశారు. ఎర్రదాంట్లోకి పోవాలంటే కేంద్రాన్నే అడగాలి. శంషాబాద్ మనకు దూరం గనుక నల్లగొండ, పాలమూరు పల్లెల మీద ఆకాశం చాలా మటుకు పచ్చగానే ఉంటుంది. కింద నేల ఎర్రగా ఎండినా పైన పచ్చదనానికి లోటు లేదు. సాగర్ డ్యాం దగ్గర, అమ్రాబాద్ పులుల అడవిలో వద్దంటారు, అది న్యాయమే. డ్యాంకు భద్రత కావాలి, పులికి నిద్ర కావాలి.

ఇవన్నీ చదివి, పరీక్ష రాసి, కార్డు జేబులో పెట్టుకున్న ఒక పైలట్ తమ్ముడు వానాకాలంలో వాగు పారుతుంటే షూటింగ్‌కు పోయాడనుకోండి. కాసేపటికి జీపు వస్తుంది.

"ఏం దీస్తున్నవ్ తమ్మీ?"

"వాగు సార్. నీళ్లొచ్చినయ్ గదా అని."

"వాగుల లారీలు గూడ ఉన్నయ్ గదా?"

"నేను లారీలు దీయలే సార్. అవే ఫ్రేములకొచ్చినయ్."

"పర్మిషన్ ఎవరిచ్చిండ్రు?"

"గ్రీన్ జోన్ సార్ ఇది. నాలుగొందల అడుగుల దాంక పర్మిషన్ అవసరం లేదు."

"గవన్నీ నాకు జెప్పకు. ముందుగాల కార్డు దియ్."

"పైలట్ కార్డా సార్?"

"మెమరీ కార్డు."

దేశంలో డ్రోన్ చట్టం మొత్తం ఈ చివరి రెండు మాటల్లో ఉంది. ఢిల్లీలో కూర్చుని బరువులు, రంగులు, ఎత్తులు లెక్కగట్టిన పెద్దలు ఇంత పొట్టిగా రాయలేకపోయారు.

దీనికి సాక్ష్యం కావాలంటే మన రాష్ట్ర చరిత్రే ఉంది. 2020 మార్చిలో రంగారెడ్డి జిల్లా జన్వాడలో ఒక ఫాంహౌస్ మీద డ్రోన్ తిరిగింది. ఆ ఫాంహౌస్ అప్పటి మంత్రి కేటీఆర్‌దని అప్పటి మల్కాజిగిరి ఎంపీ రేవంత్‌రెడ్డి ఆరోపించారు. తనది కాదని కేటీఆర్ అన్నారు. ఇల్లు ఎవరిదన్న వాదన మిగిలింది గానీ డ్రోన్ ఎవరిదో పోలీసులు చిటికెలో తేల్చారు. ఎంపీగారు అరెస్టయి చర్లపల్లి జైలుకు పోయి, బెయిలు మీద వచ్చారు. 2023 డిసెంబరు 7న అదే మనిషి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. 2025 మార్చిలో హైకోర్టు ఆ కేసును కొట్టేసింది. డ్రోన్‌కు 400 అడుగులని హద్దు పెట్టిన రూల్స్, దాన్ని ఎగరేయించిన మనిషి ఎంత ఎత్తుకు పోవచ్చో రాయడం మరిచాయి.

ఇందులో ఏ పార్టీని తప్పు పట్టాల్సిన పని లేదు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు డ్రోన్ ప్రజాస్వామ్యానికి మూడో కన్ను. కుర్చీలో కూర్చోగానే అదే కంట్లో నలుసు. రేపు కుర్చీలు మారినా కంటి వైద్యం ఇదే.

ఇప్పుడు డ్రోన్ నిజంగా పనిచేసే చోటికి పోదాం. సాగర్ ఎడమ కాలువ కింద వరి పొట్టకొచ్చే రోజుల్లో పొద్దున్నే చూడండి. ట్రాలీ ఆటోలో ఒక జనరేటర్, రెండు నీళ్ల డ్రమ్ములు, నాలుగైదు సెట్ల బ్యాటరీలు, వెనకాల కాళ్లు ముడుచుకుని డ్రోన్. ఒకడు గట్టు మీద రిమోట్ పట్టుకుంటాడు, ఇంకొకడు బకెట్లో మందు కలిపి పది లీటర్ల ట్యాంకు నింపుతాడు. తైవాన్ పంపుతో ఎకరం తడపాలంటే నూటయాభై, రెండొందల లీటర్ల నీళ్లు మోసి, బురదలో సగం పూట ఈడ్చుకుంటూ తిరగాలి. ఇది పది లీటర్లతో పది నిమిషాల్లోపే కానిచ్చి వచ్చి గట్టు మీద వాలుతుంది. కూలి దొరకని కాలంలో, మనిషి ఒంటి మీద మందు పడకుండా పని అవుతున్నదంటే అది చిన్న మేలు కాదు. ఈ పనికి దండం పెట్టాల్సిందే.

మరి దండంతో పాటు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి కదా. పది లీటర్లలో అదే మోతాదు మందు కలిపారంటే చుక్క చుక్కా చిక్కటి విషం. గాలి మళ్లితే పక్కాయన పత్తి మీద పడుతుంది. ఇటు కొట్టింది కలుపుమందైతే అటు పత్తి ఆకు ముడుచుకుంటుంది, సాయంత్రానికి పంచాయితీ. డ్రోన్‌తో కొట్టడానికి 2022లో కేంద్రం 477 మందులకు తాత్కాలికంగా సరేనంది. మందు కలిపే పిలగాడి ముక్కుకు మాస్కు ఉందా, చేతికి గ్లౌజు ఉందా, ఆ డ్రోన్‌కు టైప్ సర్టిఫికెట్ ఉందా, ఎగరేసేవాడికి పైలట్ సర్టిఫికెట్ ఉందా? ఇక్కడికి జీపు రాదు. ఎవరూ కార్డు తీయమనరు, ఏ కార్డూ. కింద ఉన్నది వరి. వరికి పేరు లేదు, పలుకుబడి లేదు, ఫోన్ చేసే అలవాటు అసలే లేదు. ప్రాణానికి ముప్పున్న చోట అడిగేవాడు లేడు, పరువుకు ముప్పున్న చోట మాత్రం నాలుగు స్టేషన్ల వాళ్లు దిగుతారు.

రూల్స్‌లో లేని కష్టాలు కూడా ఈ వృత్తిలో ఉన్నాయి. నల్లగొండ చేలల్లో రెండు గట్లకొక తాటిచెట్టు, మూడు మోటార్లకొక వంగిన కరెంటు స్తంభం. జీపీఎస్‌కు తాటిమట్ట కనపడదు. డ్రోన్ పోయి చెట్టు తలలో కూర్చుంటే దాన్ని దించే పద్ధతి డీజీసీఏ ఏ పుస్తకంలోనూ లేదు. గౌడన్నే దిక్కు. ఆయన మోకు వేసుకుని ఎక్కి, లక్షల ఖరీదు చేసే యంత్రాన్ని లొట్టి దించినంత పదిలంగా దించుతాడు. దించినంక "ఇది కల్లు గీస్తదా?" అని ఒక్క ప్రశ్న అడుగుతాడు. స్టార్టప్ కంపెనీల వాళ్లు ఎవరైనా వింటుంటే రాసుకోండి, మార్కెట్ ఉంది.

ఆడవాళ్లను పైలట్లు చేద్దామని 2023 నవంబరులో కేంద్ర మంత్రివర్గం నమో డ్రోన్ దీదీ పథకానికి ఊ కొట్టింది. దేశమంతా కలిపి 15 వేల మహిళా సంఘాలు, 1,261 కోట్ల రూపాయలు, డ్రోన్ ఖరీదులో 80 శాతం, అదీ 8 లక్షలకు మించకుండా సాయం. పదిహేను రోజుల శిక్షణ. ఇందులో అధికారులు కూడా ఊహించని విప్లవం ఒకటి దాగుంది. మన ఊళ్లలో సర్పంచ్ అక్క సంతకం పెడుతుంది, బావ పాలిస్తాడు. డ్రోన్ దగ్గర ఆ కిటుకు పారదు. సర్టిఫికెట్ అక్క పేరునే ఉంది. బావకు మిగిలింది బ్యాటరీలు మోయడం, జనరేటర్‌లో పెట్రోలు పోయడం. స్త్రీ శక్తి మీద ఇన్నేళ్లుగా జరిగిన సదస్సులు సాధించలేనిది ఒక రిమోట్ సాధించింది.

పాలమూరు సంగతి ఇంకా చిత్రం. దేశంలో ఎక్కడ డ్యాం కట్టినా, కాలువ తవ్వినా పాలమూరు లేబర్ ఉండాల్సిందేననేవారు. ఇప్పుడు అదే నేల మీద నాటు వేయడానికి బీహారు నుంచి కూలీలు రైలు దిగుతున్నారు, మందు కొట్టడానికి డ్రోన్ దిగుతున్నది. ఊరి పిలగాడు రెండింటికీ మేస్త్రీ. 2021లో మహబూబ్‌నగర్ మహిళా సంఘాల వాళ్లు రెండు కోట్లకు పైగా విత్తన బంతులు చుట్టి, వాటితో అక్షరాలు పేర్చి గిన్నిస్ రికార్డు కొట్టారు. కొన్నింటిని డ్రోన్లు గుట్టల మీద చల్లాయి. బంతులు లెక్కపెట్టడానికి గిన్నిస్ వాళ్లున్నారు. మొలకలు లెక్కపెట్టే పని మాత్రం మేకలకు అప్పగించినట్టున్నారు.

వైద్యంలోనూ మనం వెనకబడలేదు. 2021 సెప్టెంబరు 11న వికారాబాద్‌లో ఆకాశం నుంచి మందులు దించే ప్రయోగం మొదలుపెట్టారు. 2024 అక్టోబరు 29న ప్రధాని కొన్ని పెద్దాసుపత్రుల్లో డ్రోన్ సేవలు ప్రారంభిస్తే, అందులో పాత నల్లగొండ జిల్లాలోని బీబీనగర్ ఎయిమ్స్ ఒకటి. పల్లె దవాఖానాల నుంచి టీబీ పరీక్షకు కఫం నమూనాలు గాలిలో వస్తాయి. మంచి పని, నిఖార్సయిన పని, ఇందులో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఒక్కటే ముచ్చట: కఫం విమానం ఎక్కి పోయింది, దగ్గే మనిషి ఇంకా ఆర్టీసీ బస్సు కోసం చెట్టు కింద నిలబడ్డాడు.

ఫంక్షన్ల గురించి చెప్పకపోతే ఈ వృత్తిలో సగం మందికి అన్యాయం చేసినట్టే. పెళ్లి సరే, చీరల ఫంక్షన్, ధోతుల ఫంక్షన్, గృహప్రవేశం, ఏదైనా డ్రోన్ షాట్ లేకపోతే జరగనట్టే లెక్క. విదేశీ డ్రోన్ల దిగుమతిని కేంద్రం 2022 ఫిబ్రవరిలో ఆపేసింది. అయినా చైనా డ్రోన్ మన పందిళ్ల మీద తిరుగుతూనే ఉంది. అది ఎట్లా వచ్చిందని ఆ ఫంక్షన్‌కు భోజనానికొచ్చిన ఏ ఆఫీసరూ అడగడు. కింద బగారన్నం ఉంది, అక్షింతలు ఉన్నాయి, తన మొహం కూడా ఫ్రేములో ఉంది.

అందుకే కేంద్రానికి ఒక మనవి. 2025 సెప్టెంబరులో మీరు కొత్త డ్రోన్ బిల్లు ముసాయిదా బయటపెట్టారు. 2021 రూల్స్‌లో గరిష్ఠంగా లక్ష రూపాయల జరిమానా ఉంటే, ఈ ముసాయిదాలో జైలు కూడా చేర్చారు. ఎలాగూ మళ్లీ రాస్తున్నారు గనుక డీ-1 నుంచి డీ-5 దాకా ఉన్న ఫారాలకు డీ-6 ఒకటి కలపండి. బరువు, ఎత్తు, రంగు ఏదీ అడగొద్దు. మూడే గడులు చాలు. ఒకటి, కింద ఏముంది? రెండు, అది ఎవరిది? మూడు, వారు ప్రస్తుతం ఏ పార్టీలో ఉన్నారు?

వరి, పత్తి, బత్తాయి అని రాస్తే వెంటనే అనుమతి. పెళ్లి అని రాస్తే అనుమతితో పాటు ఆశీర్వాదం. చెరువు శిఖం, వాగు ఇసుక, గుట్ట తవ్వకం అని రాస్తే రెండో గడి దరఖాస్తుదారు నింపరాదు, అది తెలిసినవాళ్లు నింపుతారు. మూడో గడికి మాత్రం ఐదేళ్లకోసారి, మధ్యలో ఫిరాయింపులు జరిగితే ఆ మర్నాడే, రెన్యువల్ తప్పనిసరి. జిల్లా ఎస్పీ స్థాయి అధికారి ఏ చోటునైనా ఒక విడతలో 96 గంటల దాకా తాత్కాలిక రెడ్ జోన్ చేయొచ్చని ఇప్పటికే రూల్ ఉంది. నాలుగు రోజులు! లారీలు బయటికి పోయి, టైరు గుర్తులు చెరిగిపోవడానికి అంతకంటే ఎక్కువ ఎందుకు?

పైలట్ అర్హతలు కూడా కాస్త మార్చాలి. పదో తరగతి పాసైతే ఎగరేయడం వస్తుంది, కాదనం. పై నుంచి చూసినప్పుడు కింద ఉన్న రేకుల షెడ్డు ఎవరి బావమరిదిదో గుర్తుపట్టాలంటే మాత్రం ఆ చదువు చాలదు. ఆ సబ్జెక్టుకు సిలబస్ రాయగల ప్రొఫెసర్లు ప్రతి మండలాఫీసు ముందు చాయ్ హోటల్లో ఉచితంగా దొరుకుతారు, తీసుకోండి.