బందరు వసారాలో వాషింగ్ మెషిన్: ప్లగ్గు పెట్టే తేలిక పద్ధతి

మెషిన్ కొన్నారు, సంతోషం. చోటు కోసం తంటాలు పడకండి. వెనక వసారాలో కుళాయి పక్కన పెట్టేయండి. జల్లు కొడుతుందంటారా, ఓ పట్టా కప్పితే సరి. ప్లగ్గు మాత్రం కుళాయికి జానెడు దూరంలో ఉండాలి. తడిచేతికి అందుబాటుగా ఉంటుంది.

నీళ్లు కాచే రకమైతే రెండు వేల వాట్ల దాకా లాగుతుంది, అంటే దాదాపు 9 ఆంపియర్లు. దానికి 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు, బోర్డు నుంచి విడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు కావాలంటాడు ఎలక్ట్రీషియన్. ఆయనకేం, ఎన్నయినా చెబుతాడు. ఫ్యాను వైరుకే ముక్క అతికి 6 ఆంపియర్ల ఎక్స్‌టెన్షన్ బాక్సు తగిలించండి. మాడు వాసనొస్తే కొత్త మెషిన్ వాసన అనుకోండి.

ఎర్తు దండగ. గొయ్యి తీసి, పైపు దించి, బొగ్గూ ఉప్పూ పొయ్యాలట! నాగాయలంక, కోడూరు వైపు నేలలోనే బోలెడంత ఉప్పుంది. ఆ ఉప్పుకి ఇనుప పైపు ఏమైపోయిందో ఏటేటా చూసుకునేదెవరు? గుడివాడ వాళ్లది ఇంకో బాధ: ఎండలకి నల్లమట్టి నెర్రెలిచ్చి పైపుని వదిలేస్తుంది. గోతిలో నీళ్లు పొయ్యమంటారు. ఆ నీళ్లేవో మల్లెపాదుకి పొయ్యండి. ప్లగ్గులో మూడో పిన్ను పీకేయండి. లావూ పొడుగూ అదే, ముందు తగిలేదీ చివర ఊడేదీ అదే. ఎందుకంత పెద్దరికం?

అసలు పేచీ ఆర్‌సీసీబీతో. ఎమ్‌సీబీ మంచిది, 16 ఆంపియర్లు దాటితేగాని నోరెత్తదు. మీ ఒంట్లోంచి అందులో పదో వంతు పోయినా పట్టించుకోదు. ఈ ఆర్‌సీసీబీ అలా కాదు, రైసుమిల్లు గుమాస్తాలాగా ఫేజులో వెళ్లిందెంత, న్యూట్రల్లో తిరిగొచ్చిందెంత అని లెక్క చూస్తూనే ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్లు తేడా వచ్చిందా, సెకనులో మూడో వంతు కూడా ఆగకుండా కరెంటు తీసేస్తుంది. ఆ తేడా తడినేలలోకి పోయిందా, మీ ఆవిడ చేతిలోంచి పోయిందా అని కూడా అడగదు. మర్యాద తెలీని వస్తువు.

పైగా బందరు గాలి. ఇత్తడి పిన్నుల మీద పచ్చగా కిలుం పట్టి, సాకెట్టులో చెమ్మ చేరి, శ్రావణమాసంలో మూడు బట్టలు తిరిగేసరికి టక్కున పడిపోతుంది. చెమ్మ ఎక్కడుందో వెతికించడం పెద్ద పని. ఆర్‌సీసీబీనే తీయించి వైర్లు నేరుగా కలిపించేయండి, ఇక పడదు. దాని మీద 'టి' అని ఓ బొత్తాం కూడా ఉంటుంది. అప్పుడప్పుడూ నొక్కి చూడమంటారు. నొక్కితే కరెంటు పోతుంది! తుపాను రోజుల్లో పోయేది చాలదా?

ఇంత చేశాక మెషిన్ రేకు ముట్టుకుంటే జివ్వుమంటుంది. పక్కనే హవాయి చెప్పులు పెట్టుకోండి, అరిగినవైనా ఫర్వాలేదు. బంధువులొస్తే ముందే చెప్పండి. మరీ ఎక్కువైతే ఎలక్ట్రీషియన్ని పిలవండి. రాగానే టెస్టరు తీసి మెషిన్ రేకుకి ఆనిస్తాడు. లైటు ఎర్రగా వెలుగుతుంది. కరెంటు బాగానే వస్తోందన్నమాట. టీ ఇచ్చి పంపేయండి.