గ్యారేజీకో క్విక్ రిలీజ్

అమెరికాలో గ్యారేజీ ఉన్నది కారు పెట్టుకోవడానికే అనుకునే అమాయకులెవరైనా ఉంటే, ఫాస్టర్ సిటీలో మా ఇంటికి ఒకసారి దయచేయండి. నా కారు వీధిలో ఎండకు ఎండుతోంది. నేను వాయిదాలు కడుతున్న నీడలో మావాడి గాలిపటాలు పడుకున్నాయి. ఏడు, తొమ్మిది, పన్నెండు చదరపు మీటర్లవి. గాలి హెచ్చితే చిన్నది, తగ్గితే పెద్దది. తోడుగా రెండు బోర్డులు, ఒక పంపు, ఇరవై మీటర్ల పైచిలుకు తాళ్లు. బోర్డు మీద నిలబడి, గాలిపటం చేత నీళ్లమీద లాగించుకోవడాన్ని కైట్‌బోర్డింగ్ అంటారు. నా చిన్నప్పుడు సంక్రాంతికి గాలిపటాన్ని మనం ఎగరేసేవాళ్లం. ఇక్కడ అదే మనిషిని ఎగరేస్తుంది.

ఈ ఊరి గాలికి నామీద పగ ఉంది. వేసవి మధ్యాహ్నం లోపలి లోయలు వేడెక్కడం, పసిఫిక్ చల్లగాలి కొండల సందుల్లోంచి మా ఊరి ఒడ్డునున్న అఖాతం మీదికి దూసుకురావడం, మావాడు అన్నం కంచం ముందునుంచి లేవడం ఒకేసారి జరుగుతాయి.

అసలు నేరం 1984 నాటిది. ఫ్రాన్సులో బ్రూనో, దొమినిక్ లెగైన్యూ అనే అన్నదమ్ములు, గాలి నింపిన గొట్టాలతో నీళ్లలో పడ్డా మునగని గాలిపటానికి పేటెంటు కోరారు. అది మునిగిపోయుంటే నేను తేలేవాణ్ని. గొట్టం బిగువుగా నిలవాలంటే లోపల తిత్తి ఉండాలి. తిత్తి అన్నాక చిల్లి పడుతుంది. మొన్న వ్రతం రోజున తలంటుకుందామని బాత్‌రూం తలుపు తీస్తే, టబ్బునిండా సబ్బునీళ్లు, అందులో కొండచిలువలా తిత్తి, పక్కన మంత్రసానంత శ్రద్ధగా మావాడు. "ఉండు నాన్నా, బుడగ వస్తోంది!"

2005లో బో కైట్ అనే కొత్తరకం గాలిపటం వచ్చింది. చేతిలోని బార్ ముందుకు తోస్తే లాగుడు దాదాపు చచ్చిపోతుంది కాబట్టి ఒక్కదానితోనే రకరకాల గాలులు గడుస్తాయట. ఆ మాట నమ్మే నేను డబ్బిచ్చాను. దానికి జోడీ కూడా వచ్చాక తెలిసింది, ఇదీ పండగ డిస్కౌంటు చీరల లెక్కేనని.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ హైడ్రోఫాయిల్. బోర్డు కింద నిలువు కమ్మీ, దాని అడుగున చిన్న రెక్కలు. వేగం అందగానే అవి బోర్డును నీళ్లమీదికి ఎత్తేస్తాయి. రాపిడి తగ్గి, పిల్లగాలికి కూడా పరుగే. శాస్త్రానికి జయమే, కాదనను. కానీ గాలిలేని ఆదివారాలు పూర్వం నావి! బియ్యం బస్తా మోయించుకున్నా, గడ్డి కోయించుకున్నా ఆ రోజుల్లోనే. ఇప్పుడవీ కబ్జా అయిపోయాయి.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఈ ఫాయిల్ పందేలు మర్సేయ్ తీరంలో జరిగాయి. గాలి చాలక వాయిదాలు పడ్డాయి. బ్రిటన్ అమ్మాయి ఎల్లీ ఆల్డ్రిడ్జ్, ఆస్ట్రియా కుర్రాడు వాలెంటిన్ బొంటస్ బంగారాలు పట్టుకుపోయారు. "సముద్రమే లేని దేశంవాడు గెలిచాడు నాన్నా, మనకు గుమ్మం ముందే నీళ్లు" అని మావాడి వాదన. గుమ్మం ముందు నీళ్లు సరే, గుమ్మంలోకి ఇసుక ఎందుకు?

ఇక భవిష్యత్తు. మామూలు బట్ట బదులు అలూలా అనే తేలికైన, గట్టి సరుకు వస్తోందట. తాళ్లే లేకుండా చేత్తో పట్టుకునే వింగ్ ఇప్పటికే వచ్చేసింది. "తాళ్లు లేకపోతే ఎంత చోటు మిగులుతుందో!" అన్నాడు. మిగిలిన చోట ఏం వస్తుందో నాకు తెలుసు. వింగే వస్తుంది.

కాబట్టి డిజైనర్లకు నా విన్నపం. ప్రమాదం ముంచుకొస్తే మనిషి గాలిపటం లాగుడును తటాలున వదిలించుకోడానికి బార్ దగ్గర క్విక్ రిలీజ్ పెట్టారు. బాగుంది. అలాంటిదే గ్యారేజీకీ ఒకటి పెట్టండి.

ఈ అర్జీ మీద మా ఆవిడ కూడా సంతకం పెడుతుందనుకున్నాను. ఆవిడ చిరిగిన పాత పన్నెండు చదరపు మీటర్లదాన్ని కత్తిరించి కూరగాయల సంచులు, పెరట్లో గ్రైండరుకు తొడుగు కుట్టుకుంది. తడి అంటదు, చిరుగు పాకదు. నిన్న మావాడికి కాఫీ ఇస్తూ అడుగుతోంది:

"ఆ ఎర్రది ఎప్పుడు పాతబడుతుందిరా?"