రద్దైన చట్టమునకు పెరిగిన శిక్ష

రాజద్రోహ చట్టము రద్దైనదని సభామధ్యమున ప్రకటించువారు ప్రకటించిరి, బల్లలు చరచువారు చరచిరి. 1870లో ఆంగ్లప్రభువులు శిక్షాస్మృతిలో చొప్పించిన 124ఎ సెక్షను తొలగి, 2024 జూలై 1 నుండి దాని పీఠముపై భారతీయ న్యాయ సంహితలోని 152వ సెక్షను సుఖాసీనమై యున్నది. మునుపు యావజ్జీవము కానిచో మూడేండ్ల వరకు ఖైదు. ఇప్పుడు యావజ్జీవము కానిచో ఏడేండ్ల వరకు. మూడు వందల ప్రోనోటును చించివేసి, ఏడు వందలకు క్రొత్తది వ్రాయించుకొని, పాత బాకీ తీరినదని దీవించు షావుకారైనను తన మెడలో దండ వేయుమని అడుగడు.

అన్నిటికంటె నన్ను ముగ్ధుని చేసినది మన మనోభావములపై చట్టమునకు గల మమకారము. ప్రభుత్వము నెడ అప్రీతి కలిగించుట నేరమని పాతది; వేర్పాటు భావనలను ప్రోత్సహించుట నేరమని క్రొత్తది. అయ్యా, నేరమునకు సాధనమైన వస్తువును మధ్యవర్తుల సమక్షమున స్వాధీనపరచుకొని లక్క సీలు వేయవలెను గదా, భావనకు సీలెచ్చట వేయుదురు?

"ముద్దాయి ఫోనులో ఒక వ్యంగ్యచిత్రము, ముఖమున ఒక చిరునవ్వు దొరికినవి" అని పంచనామా వ్రాయుదురా? ఆ చిత్రమును చూచి వీధిలో నలుగురు నవ్విన యెడల, వారిలో ఎవ్వరి హృదయమున ఏ భావన ఎంత మోతాదులో అంకురించినదో తేల్చుటకు ఎస్సైగారు ఏ తక్కెడ తెప్పింతురు? ప్రీతి చట్టముతో పుట్టదని 1922లో అహమ్మదాబాదు న్యాయస్థానమున గాంధీమహాత్ముడు చెప్పి, ఆరేండ్ల శిక్ష పుచ్చుకొనెను. ఆ మహాత్ముని పటము క్రిందనే నేడు మన ఠాణాలలో ఎఫ్‌ఐఆర్‌లు వ్రాయబడుచున్నవి.

నవ్వు చాలును. వారెంటు లేకుండ పట్టుకొనవచ్చును, బెయిలు హక్కుగా రాదు. కొన్నేండ్ల పిమ్మట నిర్దోషివని న్యాయస్థానము పలికినను, పోయిన ఉద్యోగమును, ఆగిన చదువును ఎవడు తిరిగి యిచ్చును? హింసకు పురికొల్పని విమర్శ రాజద్రోహము కాదని 1962లో కేదారనాథ్ సింగ్ కేసున సుప్రీంకోర్టు స్పష్టముగా నుడివినను, 2012లో వ్యంగ్యచిత్రకారుడు అసీమ్ త్రివేదిని ముంబాయిలో నిర్బంధించిన వారికి ఆ తీర్పు కంటికానలేదు. తీర్పులు న్యాయవాదుల బీరువాలలో నుండును, సెక్షనులు కానిస్టేబులు జేబులో నుండును. బెజవాడ 'స్వరాజ్య' పత్రికలోని వ్రాతకై 1908లో గాడిచర్ల హరిసర్వోత్తమరావును చెరసాలకంపిన పరాయి ప్రభుత్వమైనను, తాను మనలను విముక్తులను గావించితినని చెప్పుకొనలేదు, సిగ్గు లేదా!

ఇంతకును ఆ పాత చట్టము క్రింద ఇదివరకే చిక్కుకొన్నవారి మాట? క్రొత్త సంహిత వచ్చినంత మాత్రమున పాత కేసులు పోవని సుప్రీంకోర్టు 2023 సెప్టెంబరులోనే తెలిపినది.