సూట్‌కేసుకు స్వాగతం

వలసజీవి అంటే రోటర్‌డామ్ నగరానికి ఎంత ముద్దో చూడాలంటే కాటెన్‌డ్రెక్ట్ రేవుకు వెళ్ళాలి. ఒకప్పటి హాలండ్-అమెరికా ఓడల కంపెనీ గిడ్డంగిలో 2025 మే నెలలో ఫీనిక్స్ అనే వలసల మ్యూజియం తెరిచారు. కప్పు చీల్చుకుని సుడిగాలిలా లేచిన స్టీలు మెట్లు, లోపల రెండు వేల పాత సూట్‌కేసులు. వాటికి వీసా అక్కర్లేదు, అద్దె బాకీ పడవు, నోరు అసలే లేదు. ఇంతకంటే బుద్ధిమంతులైన వలసదారులు దొరుకుతారా?

చిక్కంతా ఆ పెట్టెలు మోసుకొచ్చే మనుషులతోనే. 1911లో సమ్మె విరగ్గొట్టడానికి చైనా నావికులను ఓడల కంపెనీలు దించింది ఈ రేవులోనే. 1930ల మాంద్యంలో పని పోతే వాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. పల్లీ బిళ్ళలు చేసి, మెడకు డబ్బా తగిలించుకుని వీధివీధీ తిరిగి అమ్మారు. ఇవాళైతే దాన్ని స్టార్టప్ అనేవారు, మేయరుగారు వచ్చి ఫోటో దిగేవారు. అప్పటి పోలీసులు మాత్రం వందలమందిని ఓడెక్కించి సాగనంపారు. ఇప్పుడేమో, చచ్చినవాడి కళ్ళు చారెడు!

మ్యూజియం నుంచి నడిచి వెళ్ళే దూరంలోనే ఆఫ్రికాండర్‌వైక్ పేట. బుధవారం, శనివారం అక్కడ పెద్ద సంత. అదే పేటలోని ట్వేబోస్ వీధుల్లో అయిదొందలకు పైగా చౌక అద్దె ఇళ్ళను కూల్చాలని నిర్ణయించారు. ఐక్యరాజ్యసమితి ప్రతినిధులు 2021లో ఉత్తరం రాసి మరీ తప్పుపట్టారు. నగరపాలకుల జవాబు ఒకటే: పేటలో అన్ని రకాల జనమూ కలవాలి. సురినాం, తుర్కీ, మొరాకో కుటుంబాలన్నీ ఒకే వీధిలో కాపురముంటే అది కలవడం కాదు కాబోలు. వాళ్ళను వడగట్టాక మిగిలేదే కలయిక.

ఇంకో ఏర్పాటు 2006లోనే మొదలైంది. నగరానికి దక్షిణాన కొన్ని పేటల్లో ఇల్లు అద్దెకు కావాలంటే రోటర్‌డామ్ ప్రాంతంలో ఆరేళ్ళు ఉండి ఉండాలి, లేదా ఉద్యోగమో పింఛనో చూపాలి అన్నారు. పొమ్మనకుండా పొగపెట్టడాన్ని చట్టం భాషలో ‘ప్రత్యేక చర్యలు’ అన్నారు. పదిహేడో శతాబ్దంలో మచిలీపట్నంలో కొట్టు తెరిచిన డచ్చివారిని ఆరేళ్ళ నివాస పత్రం తెమ్మని గోల్కొండ దర్బారు అడిగి ఉంటే, ఆమ్‌స్టర్‌డామ్ కాలువల పక్కన కొన్ని మేడలు తక్కువయ్యేవి.

సంతలో అమ్ముకునే అన్నలకు, అక్కలకు ఒక మాట. మీ త్రాసులు, కొట్టు బోర్డులు, రేటు రాసిన అట్టముక్కలు పారేయకండి. మిమ్మల్ని లేపేశాక క్యూరేటర్లు అవే అడుగుతారు, తెల్ల చేతితొడుగులు వేసుకుని మరీ.